ట్యాంకు అడిగే ముందు

పాపా,

నువ్వు కార్పొరేటర్‌గా గెలిచావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మొదటి మీటింగులోనే మీ వార్డుకు ఓవర్ హెడ్ ట్యాంకు కావాలని పట్టుపడతానన్నావంట. కొంచెం ఆగు. కర్నూలు నీళ్ల పనిలో ముప్పై ఏళ్లు నలిగినవాణ్ని. ట్యాంకు నీళ్లను పుట్టించదు పాపా, నింపితేనే నిండుతుంది.

నేను డ్యూటీలో ఉండగా ఒక కాలనీలో ఇట్లాగే కట్టించాం. కొబ్బరికాయలు, శిలాఫలకం, ఫొటోలు అన్నీ అయినాయి. నీళ్లు ఎక్కించే పైపు మాత్రం పాతదే, సన్నది. రాత్రంతా మోటారు ఆడినా తెల్లారేసరికి ట్యాంకులో మోకాలి లోతు నిలిచేది కాదు. రెండేళ్లు దాని నీడలో బర్రెలు పడుకున్నాయి. ఆ ఎస్టిమేటు మీద నా సంతకం కూడా ఉంది.

కాబట్టి ముందు లెక్క. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊరికి మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్రం మాన్యువల్ చెబుతుంది. 5 లక్షల మంది అనుకో, 6.75 కోట్ల లీటర్లు. దారిలో కారిపోయేదానికి 15 శాతం వదులుకుంటే దాదాపు 8 కోట్ల లీటర్లు పంపాలి. ఏడాదికి సుమారు ఒక టీఎంసీ. మనకు నీళ్లిచ్చే, తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీలో పట్టేదే 1.2 టీఎంసీల దాకా, అందులో కేసీ కాలువ కింద రైతులకూ వాటా ఉంది. తుంగభద్ర వానాకాలం పొంగుతుంది కదా, ఏడాది మొత్తం లెక్క చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ 2009 అక్టోబరులో ఊరిని ముంచిన నీళ్లు మరుసటి మే నెలలో బిందెలోకి రావు. ఎండాకాలం ఊరిని దాటించేది ఎస్ఎస్ ట్యాంకు, అంటే వేసవి కోసం నీళ్లు నిలవ చేసుకునే చెరువు. మీటింగులో లేచి, "అందులో ఇవాళ ఎన్ని రోజులకు సరిపడా నీళ్లున్నాయి? ఎండకు ఆవిరయ్యేది తీసేసి చెప్పండి" అని అడుగు. అధికారులు ఫైలు తిరగేస్తారు. తిరగేయనీ.

డబ్బు సంగతి. కట్టడానికి ఎవరో ఒకరు ఇస్తారు. అమృత్ 2.0 అనే కేంద్ర పథకం కింద లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊళ్లకు కేంద్రం మూడో వంతు ఇస్తుంది, మిగతాది రాష్ట్రం, కార్పొరేషన్ చూసుకోవాలి. నడపడానికి మాత్రం ఆ పథకం కింద కేంద్రం పైసా ఇవ్వదు. కరెంటు బిల్లు, పటిక, క్లోరిన్, జీతాలు, కాలిపోయిన మోటారు రీవైండింగు, ఇవన్నీ మనవే. ఆ 8 కోట్ల లీటర్లను 50 మీటర్ల ఎత్తుకు తోడాలంటేనే రోజుకు 16, 17 వేల యూనిట్లు కాలతాయి. నీటి చార్జీలు చాలకపోతే, మీ వార్డు సిమెంటు రోడ్డుకు పెట్టాల్సిన డబ్బు కరెంటు బిల్లుకు పోతుంది. బడ్జెట్ పుస్తకంలో నీటి సరఫరా ఆదాయం, ఖర్చు పక్కపక్కన ఉండవు. నువ్వే ఒక కాగితం మీద రాసుకో.

చార్జీ పెంచమంటే నీకు ఓట్లు పోతాయి, నాకు తెలుసు. పెంచమని చెప్పట్లేదు. ముందు లాడ్జీలకు, హోటళ్లకు, ప్రైవేటు ఆసుపత్రులకు మీటర్లు పెట్టించు. ఒక్క గదిలో ఉండేవాడూ, తోట తడిపే మేడవాడూ నెలకు ఒకే మొత్తం కట్టడం నాకెప్పుడూ మింగుడు పడలేదు. దొంగ కనెక్షన్లు తర్వాత పట్టు. అందులో మన చుట్టాలు కూడా ఉంటారు, ఇప్పుడే చెప్తున్నా.

లీకులు వెతకడం నీకు చూపిస్తాను. అర్ధరాత్రి దాటాక, బండ్ల రొద ఆగిపోయాక, ఇనప కడ్డీ ఒక కొస వాల్వు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకోవాలి. పైపు బాగుంటే నిశ్శబ్దం. ఎక్కడో కారుతుంటే పెనం మీద నీళ్లు చల్లినట్టు సన్నగా 'సుయ్య్' అని వినిపిస్తుంది. వాల్వు వాల్వుకు నడుస్తూ, ఆ చప్పుడు ఎక్కడ పెరుగుతుందో చూసుకుంటూ పోవడమే. ఆ లీకులు మూసేస్తే మీ వార్డులో ట్యాంకే అక్కర్లేదని తేలవచ్చు.

శనివారం రాత్రి ఒంటిగంటకు మీ వీధి చివర వాల్వు దగ్గరికి వస్తాను. టార్చి నువ్వు తెచ్చుకో. నా కడ్డీ ఇంకా అటకమీదే ఉంది.

మీ మామ