నల్లగొండ, పాలమూరు సమస్యలపై పోస్టర్లు, పత్రికల బొమ్మలు గీయడం ఎలా సాధన చేయాలి?

అడిగినవారు మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదు వచ్చి అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థి. ఫ్లోరైడ్ నీళ్ళు, పాలమూరు వలసలు, గద్వాల వైపు విత్తన పత్తి చేలలో పిల్లల పని అనే మూడు అంశాలపై పోస్టర్లూ వ్యాసాల బొమ్మలూ గీసి పోర్ట్‌ఫోలియో సిద్ధం చేసుకుంటున్నారట. ‘గీత బాగుంది, కానీ ఇదంతా ఎక్కడో చూసినట్టే ఉంది’ అని అధ్యాపకులు అంటున్నారనీ, సామాజిక స్పృహతో గీసే బొమ్మకు సొంత ముద్ర ఎలా వస్తుందో చెప్పమనీ అడిగారు. నాది నల్లగొండ జిల్లా. నేనూ అదే కోర్సు చదివాను. ఇప్పుడు పత్రికలకు ఇలస్ట్రేషన్లు, స్వచ్ఛంద సంస్థలకు పోస్టర్లు గీసి బతుకుతున్నాను కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మీరు వివరించిన బొమ్మల్లో నెర్రెలు బారిన నేల, నెత్తిన మూటతో నడిచిపోతున్న కుటుంబం, కర్ర ఊతంగా నిలబడిన వంగిన మనిషి, సంకెళ్ళు వేసిన చిన్న చేతులు ఉన్నాయి. వీటిలో అబద్ధమేదీ లేదు. కాకపోతే ఇవన్నీ జరిగిపోయినదాని ఫలితాలు. ఫలితాన్ని చూసినవాడు ‘అయ్యో’ అని ముందుకు నడిచిపోతాడు, ఎందుకంటే ఆ బొమ్మలో అతడు తెలుసుకోవలసినది ఏమీ మిగల్లేదు. ఆ ఫలితం ఏ పని వల్ల, ఎవరి చేతుల మీదుగా, ఏ వస్తువు ద్వారా వచ్చిందో గీసినప్పుడు అదే మనిషి ఒక నిమిషం ఆగుతాడు. నా మట్టుకు నేను ఒక అంశం చేతికి రాగానే ముందు అది ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికే సమయం పెడతాను, కుంచె పట్టుకోవడం ఆ తరువాత సంగతి.

మొదట ఫ్లోరైడ్ సంగతి చూద్దాం. నల్లగొండ అనగానే వంగిన వెన్ను, వంకర తిరిగిన కాళ్ళున్న మనిషి ఫోటో దశాబ్దాలుగా పత్రికల్లో వస్తూనే ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్ళలో ఆ ఫోటోల కోసం నిలబడీ నిలబడీ విసిగిపోయిన వాళ్ళు నాకు తెలుసు. మళ్ళీ అదే మనిషిని మీరు రంగుల్లో గీస్తే కొత్తగా చెప్పేదేమీ ఉండదు. అసలు జరిగేదేమిటంటే, మన ప్రాంతపు గ్రానైటు రాళ్ళలో ఉన్న ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది, ఆ నీరు బోరు ద్వారా బిందెలోకి వస్తుంది, రంగూ రుచీ వాసనా తేడా లేకపోవడంతో ఎవరికీ అనుమానం రాదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేకపోతే 1.5 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. కంటికి కనబడని ఈ వస్తువును కనబడేలా చేయడమే చిత్రకారుడి పని.

ఒకసారి ఒక సంస్థవారు విరేచనాల నివారణ కోసం వేయించిన ‘నీళ్ళు మరిగించి తాగండి’ పోస్టరును ఫ్లోరైడు ఉన్న ఊళ్ళో గోడకు అంటించి ఉండగా చూశాను. సూక్ష్మక్రిముల వరకు ఆ సలహా సరైనదే. కానీ మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. ఆ ఊళ్ళో చాలామంది పోస్టరును చూసి, మరిగిస్తే ఫ్లోరైడు వల్ల వచ్చే గార పళ్ళ బాధ కూడా పోతుందనే అనుకున్నారు. ఆ తరువాత అక్కడి బడి కోసం నేను గీసిన పోస్టరులో రెండు గిన్నెలు మాత్రమే ఉంటాయి. మొదటి గిన్నె నిండా నీళ్ళు, అందులో ఎర్రటి చుక్కలు. రెండో గిన్నె పొయ్యి మీద ఉంది, పైన ఆవిరి లేస్తోంది, నీళ్ళు సగానికి దిగాయి, చుక్కలు మాత్రం అన్నీ అలాగే దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్షరాలు వేయకముందే రఫ్‌ను, అంటే చిత్తు బొమ్మను, తీసుకెళ్ళి అంగన్‌వాడీ దగ్గర కూర్చున్న ఒక పెద్దమ్మకు చూపించాను. ఆమె రెండు గిన్నెల్లోని చుక్కలనూ వేలితో ముట్టుకుంటూ లెక్కబెట్టి, ‘నీళ్ళయితే తగ్గినయ్ గని చుక్కలు తగ్గలే గదా బిడ్డా’ అన్నది. ఆ మాటనే కింద పెద్ద అక్షరాలతో రాశాను. అంతకంటే మంచి శీర్షిక నేను కూర్చుని ఆలోచించినా దొరికేది కాదు.

ఇదే అంశంలో మీకు ఒక సాధన చెబుతాను. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించారు. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే పెట్టారు. కలపడం, తిప్పడం, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగడం, పైనున్న తేట నీటిని వడగట్టడం అనే వరుసను ఒక్క అక్షరం కూడా లేకుండా నాలుగు గడుల్లో గీసి చూడండి. ‘ఆగడం’ అనే గడి దగ్గర మీకు చాలా కష్టమవుతుంది, ఎందుకంటే కాలం గడిచినట్టు చూపించడానికి గోడ గడియారం గీస్తే సరిపోదు. ఆ బకెట్టు పక్కన ఇంట్లో జరిగే ఏ పని మారిందో ఆలోచించాల్సి వస్తుంది.

ఈ అంశంలో పాత సమాచారంతో గీయకండి. మిషన్ భగీరథ కింద నది నీళ్ళు నల్లాల్లోకి వచ్చాక ప్రశ్న మారింది. ఇంటి ముందు నల్లా ఉండగా వంటకూ, పొలం దగ్గర దాహానికీ ఏ నీళ్ళు వాడుతున్నారు, ఇప్పటికే ఎముకలు వంగిపోయి మళ్ళీ నిటారు కాలేనివారి పింఛను, వైద్యం సంగతేమిటి అన్నవి ఈనాటి ప్రశ్నలు. ఊరికి వెళ్ళి అడగకుండా వీటికి బొమ్మ రాదు.

వలసల విషయానికి వస్తే, నాగార్జునసాగర్ వంటి ఆనకట్టల పనుల నుంచి ముంబయి, పుణె భవనాల దాకా పాలమూరు కూలీల చెమట ఉందన్నది మనందరికీ తెలిసినదే. నెత్తిన మూట బొమ్మ అక్కడి నుంచే వచ్చింది. కానీ వానాకాలం పంట చేతికొచ్చాక నారాయణపేట బస్టాండులో ఒక సాయంత్రం స్కెచ్‌బుక్కుతో కూర్చుంటే మీకు కనబడేవి వేరు. జొన్నపిండి సంచి, గ్యాసు పొయ్యి, ప్లాస్టిక్ బిందెల్లో కుక్కిన బట్టలు, ఫోను ఛార్జరు, అవ్వ దగ్గర వదిలి వెళుతున్న పిల్లవాడికి కొన్న కుర్‌కురే ప్యాకెట్టు. ఎవరు వెళుతున్నారన్నదానికంటే ఎవరు ఆగిపోతున్నారన్నదే నన్ను ఎక్కువగా ఆపింది. బస్సు కదిలాక బస్టాండులో మిగిలినవాళ్ళలో ముసలివాళ్ళూ పిల్లలే ఎక్కువ.

ఇక్కడ కూడా ‘ఎలా జరుగుతుంది’ అన్న ప్రశ్న వేస్తే కూలీలను కూడగట్టి పనికి తీసుకెళ్ళే గుంపు మేస్త్రీ దగ్గరికి చేరుకుంటారు. అతడు అడ్వాన్సు ఇస్తాడు, జేబులోని చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాడు, సీజను చివర ఆ పుస్తకం ప్రకారమే లెక్క తేలుతుంది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం, కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలనీ, అందులో కూలి రేటూ కోతలూ రాయాలనీ చెప్పింది. ఒక పత్రికలో వలసల మీద వచ్చిన వ్యాసానికి నేను ఈ రెండు పుస్తకాలనే పక్కపక్కన పెట్టి గీశాను: ఒకటి నలిగి, చెమట మరకలు పడి, అంకెలతో, వేలిముద్రలతో నిండి ఉంటుంది, రెండోది ఫోటో అంటించాల్సిన గడితో సహా తెల్లగా ఖాళీగా ఉంటుంది. మనిషి బొమ్మే లేదు. ఎడిటర్ మొదట సంకోచించి, ‘ఇందులో కూలీ ఎక్కడున్నాడు?’ అని అడిగారు. వ్యాసమంతా కూలీల మాటలే ఉన్నాయి కాబట్టి బొమ్మ ఆ మాటల్లో లేనిదే చెప్పాలని నేను వాదించాను, వారు ఒప్పుకున్నారు.

పోస్టరుకూ పత్రిక బొమ్మకూ ఉన్న తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. పోస్టరు చూసేవాడు రేషను దుకాణం ముందు వరుసలో నిలబడి, సగం మనసుతో, పది అడుగుల దూరం నుంచి చూస్తాడు, పక్కన ఏ వివరణా ఉండదు, కాబట్టి పోస్టరు తనంతట తానే అర్థం కావాలి. పత్రిక బొమ్మకు పక్కన వ్యాసం తోడుంటుంది. అందువల్ల వ్యాసం చెప్పినదాన్నే మళ్ళీ చెప్పే బొమ్మ వృథా. మీ పోర్ట్‌ఫోలియోలో ఒకే బొమ్మను రెండు సైజుల్లో పెట్టి ఒకదాన్ని పోస్టరనీ ఇంకోదాన్ని ఎడిటోరియల్ అనీ రాశారని మీరే చెప్పారు. అధ్యాపకుల అసంతృప్తికి అది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

విత్తన పత్తి గురించి క్లుప్తంగా చెబుతాను. కృష్ణా తుంగభద్రల నడుమ, గద్వాల వైపు ఉన్న నడిగడ్డలో సంకర విత్తనం కోసం చేసే క్రాసింగ్ పని చూడకుండా సంకెళ్ళు గీయకండి. మధ్యాహ్నం నుంచి మొగ్గలను ఒలిచి లోపలి పుప్పొడి కేసరాలను తీసేస్తారు, మరునాడు ఉదయం మగపువ్వు తెచ్చి రుద్దుతారు. మొక్క ఎత్తు పిల్లల భుజాల దాకా ఉంటుంది, గోళ్ళ సందుల్లో పసుపు పొడి పేరుకుంటుంది. ఆ వేలి కొసను పెద్దదిగా గీసి, వెనుక బడి హాజరుపట్టీలో ఆ నెలల గడులన్నీ గైర్హాజరు గుర్తులతో నిండినట్టు చూపితే సంకెళ్ళ అవసరమే ఉండదు.

పూర్వీకులను చూసేటప్పుడు కూడా వారి గీతను అనుకరించకుండా వారు పనిచేసిన పద్ధతిని గమనించండి. చిత్రకారుడు చిత్తప్రసాద్ 1943 నాటి బెంగాలు కరువులో మిడ్నపూరు ఊళ్ళు తిరుగుతూ ఇంకుతో బొమ్మలు గీశారు, గీసిన మనుషుల పేర్లూ పరిస్థితులూ రాసుకున్నారు. ఆ బొమ్మలతో వచ్చిన ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని నాశనం చేసిందంటే ఆ బొమ్మల బలం ఎంతో ఊహించుకోవచ్చు. మన సూర్యాపేట నుంచి వచ్చిన కార్టూనిస్టు శేఖర్, ఉద్యమాల కోసం ఎన్నో పోస్టర్లూ పుస్తకాల ముఖచిత్రాలూ గీసిన ఆర్టిస్ట్ మోహన్ ఇద్దరూ ఇప్పుడు లేరు, కానీ వారి బొమ్మలు పాత పత్రికల్లో దొరుకుతాయి. గ్రంథాలయంలో కూర్చుని వాటిని ఆనాటి వార్తతో కలిపి చదవండి. వార్త లేకుండా బొమ్మనొక్కదాన్నే ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే సగమే అర్థమవుతుంది.

బాధితుల ముఖాల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఫోటో చూసి ఒక వ్యక్తి ముఖాన్ని యథాతథంగా గీసి, దానికి ‘బాధితుడు’ అని పేరు పెట్టి గోడకెక్కించే హక్కు మనకు లేదు. అడిగి, రఫ్ చూపించి, సరేనంటేనే గీయాలి, లేకపోతే ఎవరినీ పోలని మనిషిని కల్పించుకోవాలి. కొన్ని సంస్థలు దాతల కోసం ఏడుపు ముఖాలు కావాలని నేరుగానే అడుగుతాయి. అటువంటి పనులను నేను వదులుకున్నాను, వాటి డబ్బు మాత్రం బాగానే ఉంటుంది.

ఇక కళాశాలలో ఎవరూ చెప్పని ప్రింటింగ్ సంగతులు. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పీల్చుకుని చుక్క వెడల్పవుతుంది, కాబట్టి తెరమీద అందంగా కనిపించే సన్నని దగ్గరి గీతలు అచ్చులో నల్లటి మరకగా మారతాయి. గీతల మధ్య ఖాళీ ఎక్కువ ఉంచి, నలుపూ తెలుపూ స్పష్టంగా విడదీయండి. తెలుగు అక్షరాల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే ఎక్కువగా వాడుతారు, మీరు యూనికోడ్‌లో చేసిన ఫైలు అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వత్తులు ఊడి పక్కన పడతాయి. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అవసరం లేని గీతలుగా, మార్చి ఇవ్వడం, అచ్చుకు ముందు ప్రూఫ్‌ను అక్షరం అక్షరం చదవడం తప్పనిసరి. వీలైతే శీర్షికను చేత్తోనే రాయండి. మన గోడల మీద జాజుతో నినాదాలు రాసిన చేతులకు ఉన్న బిగువు ఏ ఫాంటుకూ లేదు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలతో రంగుల్లో పోటీ పడి గెలవలేం కాబట్టి, ఊళ్ళో అంటించే పోస్టరు రెండు రంగుల్లోనే చేయండి. ఖర్చూ తగ్గుతుంది, ఆ హడావుడిలో అదే వేరుగా కనబడుతుంది.

పోర్ట్‌ఫోలియో విషయంలో, మూడు అంశాలు ఒకేసారి మోయకుండా మీ సొంత జిల్లా కాబట్టి వలసను ఎంచుకుని ఏడాది పాటు దాని మీదే పనిచేయండి. బస్టాండు స్కెచ్‌లు, ఊళ్ళో జనం అన్న మాటలు, కొట్టివేసిన రఫ్‌లు, చివరి పోస్టరు, అదే అంశంపై ఒక నిజమైన వ్యాసానికి గీసిన బొమ్మ, ఇవన్నీ వరుసగా పెట్టండి. పనికి తీసుకునేవాళ్ళు పూర్తయిన బొమ్మల కంటే ఆ రఫ్‌ల పేజీల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారని నా అనుభవం. జూన్ 5 పర్యావరణ దినోత్సవం పోటీ కోసం గీసిన, అరచేతిలో భూగోళం, దాని మీద మొలక ఉన్న పోస్టరును మాత్రం ఈరోజే తీసేయండి, దానికి మొదటి బహుమతి వచ్చినా సరే.