దెబ్బతిన్న సైకిల్ వచ్చినప్పుడు కంపెనీ ఇస్తానన్న డబ్బు తీసుకోవాలా, సైకిలే వెనక్కి పంపాలా?

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న గేర్ల సైకిల్ హనుమకొండకు చిరిగిన అట్టపెట్టెలో వచ్చిందని, వెనుక గేరు పుల్లల వైపు వంగి ఉందని, ముందు చక్రం ఒక పక్కకు ఒరిగి తిరుగుతోందని మీరు రాశారు. కంపెనీ వారు 800 రూపాయలు ఇస్తాం, దగ్గరలోని మెకానిక్‌తో బాగు చేయించుకోండి అంటున్నారని, ఒప్పుకోవాలో వద్దో తేలడం లేదని అడిగారు. మా అమ్మాయి కోసం తెప్పించిన సైకిలు కూడా దాదాపు ఇలాగే వచ్చింది కనుక నాకు తెలిసింది చెబుతాను. ముందు చక్రం ఎందుకు ఒరిగిందో తేలే వరకు ఆ 800 రూపాయలకు ఒప్పుకోకండి.

సైకిలును పెట్టెలో పెట్టేటప్పుడు ముందు చక్రాన్ని, పెడళ్లను విప్పి, హ్యాండిల్‌ను పక్కకు తిప్పి కట్టేస్తారు. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే రెండు కాళ్ల భాగాన్ని ఫోర్కు అంటారు. చక్రం లేని ఫోర్కు మీద బరువు పడితే దాని రెండు కాళ్లూ దగ్గరకు నొక్కుకుపోతాయి కాబట్టి, చివర్లలో ఒక ప్లాస్టిక్ ముక్కను అడ్డం పెట్టడం పద్ధతి. మాకు వచ్చిన పెట్టెలో ఆ ముక్క విరిగి అడుగున పడి ఉంది. ఫోర్కు చివరలు ఎంత దగ్గరకు వచ్చాయంటే, చక్రం ఇరుసును వాటి మధ్యకు బలవంతంగా నెట్టవలసి వచ్చేది. డిస్కు బ్రేకు రేకు కూడా కొంచెం వంగింది గానీ, అది పెద్ద విషయం కాదు. మెకానిక్ చేతిలో చక్కబడుతుంది, కాకపోతే కొత్తది వేసుకోవచ్చు.

చక్రం ఒరగడానికి కారణం రిమ్మా, ఫోర్కా అని తేల్చడానికి కాజీపేటలో మాకు తెలిసిన మెకానిక్ ఒక పద్ధతి చూపించాడు. చక్రాన్ని బిగించి, ఫోర్కు ఏ కాలికి దగ్గరగా ఉందో చూశాడు. తరువాత దానిని విప్పి, కుడి ఎడమలు మార్చి మళ్లీ పెట్టాడు. తప్పు చక్రానిదైతే, చక్రాన్ని తిప్పి పెట్టినప్పుడు ఒరుగుడు కూడా రెండో పక్కకు మారుతుంది. ఎటు తిప్పినా అదే పక్కకు ఒరిగితే తప్పు ఫోర్కుది. మా చక్రం రెండుసార్లూ ఎడమ కాలి వైపే ఒరిగింది. "సారు, రిమ్ము వంకరైతే పుల్లలు గుంజి సక్కగ చేస్త. గిది ఫోర్కే వంగింది, నేను సాగదీసినా రేపు పిల్ల పడితే నన్నే అంటరు" అన్నాడు. కంపెనీ ఫోను కేంద్రంలో గంటల తరబడి విన్న మాటలన్నిటికంటే ఆ ఒక్క మాటే నాకు పనికొచ్చింది. మీరు కూడా నయీంనగర్ వైపో, వరంగల్ చౌరస్తా వైపో గేర్ల సైకిళ్లు అలవాటున్న మెకానిక్‌కు చూపించి, ఏది వంగిందో అతని రసీదు మీదే రాయించుకోండి.

వెనుక గేరు సంగతి వేరు. గేరును చట్రానికి పట్టి ఉంచే చిన్న ముక్కను హ్యాంగర్ అంటారు. అల్యూమినియం సైకిళ్లలో చాలా వరకు దానిని కావాలనే కాస్త మెత్తగా, విడిగా మార్చుకునేలా చేస్తారు, దెబ్బ తగిలితే చట్రానికి బదులు అది వంగాలని. వెనుక నిలబడి చూస్తే గేరు చక్రానికి సమాంతరంగా వేలాడాలి. లోపలికి వంగి ఉన్నప్పుడు అన్నిటికంటే తేలిక గేరు వేస్తే అది పుల్లల్లో ఇరుక్కుని విరిగిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి సరిచేసే వరకు సైకిలు తొక్కకండి. హ్యాంగర్ ఒక్కటే వంగితే డబ్బు తీసుకుని మార్పించుకోవడమే నయం. అయితే దాని ఆకారం మోడల్‌ను బట్టి మారుతుంది, మన దుకాణాల్లో దొరకకపోవచ్చు, అందుకే ఆ ముక్కను కంపెనీయే పంపాలని అడగండి. రంగు గీతలకు కూడా నేనైతే సైకిలు వెనక్కి పంపను. చట్రం గొట్టానికి సొట్ట పడినా, హ్యాండిల్ కింద అతుకుల దగ్గర రంగు ముడతలు పడినా మాత్రం ఎంత డబ్బు ఇస్తామన్నా ఉంచుకోను.

ఒకవేళ పెడళ్లు ఇంకా బిగించకపోతే ఒక జాగ్రత్త. ఎడమ పెడల్ మర తిరుగుడు వ్యతిరేకంగా ఉంటుంది. తెలియక బలవంతంగా బిగిస్తే క్రాంక్, అంటే పెడల్‌ను బిగించే కడ్డీ, మరలు పాడవుతాయి, అప్పుడు మొత్తం నష్టాన్నీ మీ చేతి మీదకే నెడతారు. పెట్టె మీది చీటీ, చిరిగిన చోటు, వంగిన భాగం, చట్రం నంబరు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ నంబరు సాధారణంగా పెడళ్ల ఇరుసు కింద చెక్కి ఉంటుంది.

ఫోర్కు దెబ్బతిన్నదని తేలితే, ఫోనులో వాదించడం మాని, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. ఆ అధికారి పేరును, చిరునామాను వెబ్‌సైటులో ప్రకటించడం తప్పనిసరి. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. వస్తువు లోపంతో ఉంటే విక్రేత దానిని వెనక్కి తీసుకోననడానికి గానీ, డబ్బు తిరిగి ఇవ్వననడానికి గానీ ఆ నియమాలు ఒప్పుకోవు. నా ఉత్తరంలో ఆ నియమాలను ప్రస్తావించి, మెకానిక్ రసీదును జతచేశాక, అంతవరకు "చిన్న సర్దుబాటు" అంటూ వచ్చినవారి స్వరం మారింది.

వాపసు ఒప్పుకున్నాక కూడా ఒక చిక్కు ఉంది. మా సైకిలు తీసుకుపోవడానికి వచ్చిన అబ్బాయి మోటారు సైకిల్ మీద, వీపున సంచితో వచ్చాడు! గుమ్మం దగ్గర పెట్టెను చూసి నవ్వి, ఇది నాతో కాదన్నా అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి "వినియోగదారు ఇంట్లో లేరు" అని సందేశం వచ్చింది. అదే నిమిషంలో గుమ్మంలో ఉన్న పెట్టె ఫోటోతో జవాబు పంపకపోయి ఉంటే వాపసు గడువు దాటిపోయేదే. అందుకని అట్టపెట్టెను, లోపలి థర్మకోల్‌ను, విరిగినదైనా ఆ ప్లాస్టిక్ ముక్కను పారేయకండి. పెద్ద బండి పంపాలని ముందే రాయండి.

నెల దాటినా కదలిక లేకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోను చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, కాబట్టి కంపెనీ ఏ నగరంలో ఉన్నా మీరు అక్కడికి తిరగనవసరం లేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంది, వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. నాకు అంత దూరం వెళ్లే అవసరం రాలేదు.

మీకు వచ్చిన 800 రూపాయల సందేశానికి ఈ రోజే జవాబు పంపండి. మెకానిక్ పరీక్ష పూర్తయ్యే వరకు ఈ సర్దుబాటుకు అంగీకరించడం లేదని, ఫిర్యాదును మూసివేయవద్దని రెండు వాక్యాలు రాస్తే చాలు. యాప్‌లో "సమస్య పరిష్కారమైంది" అన్న బటన్ కనిపిస్తే మాత్రం నొక్కకండి.