షుగర్ ఉన్న మా అబ్బాయికి: జ్వరం రాకముందే చేసుకోవాల్సిన పనులు

నాన్నా చిన్నీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్‌లో చెబితే సగం విని సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. మళ్ళీ ఏదో వైరస్ అని టీవీలో చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదన్నావు, "షుగర్ ఉన్నవాళ్ళకి సోకితే ఇక అంతేనా పెద్దమ్మా" అని అడిగావు. కాదు నాన్నా. ముందు ఆ మాట గట్టిగా చెప్పనీ. నాకు షుగర్ వచ్చి పాతికేళ్ళు దాటింది, ఇన్సులిన్ మీద ఉన్నాను, 2021 మే నెలలో కరోనా వచ్చి ఆక్సిజన్ పెట్టేదాకా వెళ్ళింది, అయినా ఇవాళ కూర్చుని నీకు ఉత్తరం రాస్తున్నాను. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైనే అని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చింది. వాళ్ళలో ఎందరికో కరోనా సోకింది, చాలా ఎక్కువమంది బయటపడ్డారు.

ముప్పు లేదని మాత్రం చెప్పను. ఇంగ్లాండ్‌లో 2020 మొదటి వేవ్ లెక్కల్లో, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళు కరోనాతో ఆస్పత్రిలో చనిపోయే ముప్పు లేనివాళ్ళ కంటే దాదాపు రెట్టింపు ఉంది. టీవీలో అక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. అవే లెక్కల్లో 40 ఏళ్ళలోపు వాళ్ళకి షుగర్ ఉన్నా ముప్పు చాలా తక్కువగా కనిపించింది. నీకు 38. ముప్పు ఎక్కువ ఎవరికంటే వయసు పైబడినవాళ్ళకి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి, బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి, మూడు నెలల సగటు షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి. చైనాలో హుబే ప్రాంతపు ఆస్పత్రుల్లో చేరిన 952 మంది షుగర్ పేషెంట్లను కూడా పరిశీలించారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ షుగర్ 70, 180 మధ్య నిలిచినవాళ్ళలో చనిపోయింది 1.1 శాతం, అదుపు తప్పినవాళ్ళలో 11 శాతం. ఆ తేడా మొత్తం షుగర్ వల్లే అని నేననను, జబ్బు ముదిరిన మనిషికి షుగర్ ఎలాగూ పెరుగుతుంది. కానీ నీ వయసు నువ్వు మార్చుకోలేవు, వైరస్‌ని నువ్వు ఆపలేవు, షుగర్ అంకె మాత్రం చాలావరకు నీ చేతిలో ఉంది. నాకు అన్ని భయాల్లోనూ పట్టుకోవడానికి దొరికింది అదొక్కటే.

నీ హెచ్‌బీఏ1సీ, అంటే ఆ మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష, 8.9 అన్నావు. దాన్ని 7 దగ్గరికి తేవాలి. సగటు కాబట్టి ఇవాళ మొదలుపెడితే ఫలితం మూడు నెలల తర్వాతే పూర్తిగా కనిపిస్తుంది. వైరస్ మన వీధిలోకి వచ్చాక అన్నం మానేసి పరుగులు పెడితే లాభం లేదు. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకి కాకుండా ఏడున్నరకి తిను, అన్నం సగం చేసి ఆ చోట కూర, పప్పు పెట్టుకో, తిన్నాక పావుగంట మేడ మీద నడువు. లాక్‌డౌన్‌లో మా అపార్ట్‌మెంట్ మేడ మీద నేను చేసింది అంతే. రాగిజావ మంచిదని మీ అమ్మ గ్లాసులకి గ్లాసులు ఇస్తుంది, పల్చటి జావ షుగర్‌ని త్వరగా పెంచుతుంది, నమ్మకపోతే తాగిన గంటకి మీటర్ పెట్టి చూడు.

ఇక అసలు పని. ఈ శనివారం డాక్టర్ గారి దగ్గరికి వెళ్తున్నావు కదా, మామూలుగా మందులు రాయించుకుని వచ్చేయకు. "నాకు జ్వరం వస్తే, వాంతులైతే, తిండి సయించకపోతే ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు, ఎప్పుడు మీకు ఫోన్ చెయ్యాలి" అని అడిగి, ఆయన చెప్పింది అక్కడే కాగితం మీద రాయించుకో. చాలామంది జ్వరం వచ్చాక దీని కోసం వెతుక్కుంటారు. అప్పుడు ఫోన్లు కలవవు, మన బుర్ర పనిచేయదు. 2021లో మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు అలా రాత్రంతా ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక కూర్చున్నారు.

నువ్వు ఏం అడగాలో తెలియాలి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. నువ్వు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటున్నావు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ రెండూ ఆపమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. రెండోదాని సంగతి మరీ జాగ్రత్తగా అడుగు, ఎందుకంటే అది వేసుకునేవాళ్ళు తిండి లేకుండా జబ్బుపడితే రక్తంలో కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు, పెరిగి ఒళ్ళు విషమించొచ్చు, అప్పుడు మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపించొచ్చు. వాంతి, కడుపునొప్పి, ఆయాసం ఉండి మీటర్ 180 చూపిస్తోందని నిశ్చింతగా ఉండకూడదు. మీ అమ్మ వేసుకునే గ్లిమెపిరైడ్‌ది ఇంకో రకం సమస్య, తిండి తగ్గితే దాంతో షుగర్ పడిపోతుంది. నాలాగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు, జ్వరంలో దాని అవసరం సాధారణంగా పెరుగుతుంది. మోతాదు ఎంతో డాక్టర్ చెప్పాలి. వీటిలో ఏదీ నా మాట మీద ఆపొద్దు, మొదలుపెట్టొద్దు. నీ కాగితం నీ డాక్టర్‌దే అయ్యుండాలి.

జ్వరం ఉన్నప్పుడు నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకో, రాత్రి అలారం పెట్టుకుని అయినా సరే. వరుసగా రెండుసార్లు 250 దాటితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఊపిరి ఆడకపోయినా, మాట తడబడినా ఇక ఎవరినీ అడగకుండా ఆస్పత్రికి వెళ్ళు, బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యి. ఆక్సీమీటర్ పెట్టేటప్పుడు వేలికి గోరింటాకు, గోళ్ళ రంగు ఉంటే అంకె తప్పు రావచ్చు, కోడలికి చెప్పు. ఇంకో మాట, షుగర్ చూసుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకో. మామిడిపండు తిన్న చేత్తో చూసుకుంటే లేని షుగర్ కనిపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా చూడు, ఆఫర్‌లో కొన్నవి అల్మరాలో పడి ఉంటాయి.

కోడలికి లో షుగర్ సంగతి నేర్పు. చెమటలు, వణుకు, చిరాకు, మీటర్ 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

స్టెరాయిడ్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే 2021లో మనవాళ్ళకి ఎక్కువ నష్టం చేసింది ఇది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు నిలబెట్టిన మందే, బ్రిటన్‌లో 2020 జూన్‌లో ఆ సంగతి తేలింది, నాకూ ఇచ్చారు. కానీ అది ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి దానివల్ల మేలు కనపడలేదు. మనదగ్గర మాత్రం వాట్సాప్‌లో తిరిగే చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుని మామూలు జ్వరానికే మింగేశారు. షుగర్ 400, 500కి పోయింది. దానిమీద బ్లాక్ ఫంగస్ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2021 మేలో దాన్ని నోటిఫై చెయ్యాల్సిన, అంటే ప్రతి కేసూ ప్రభుత్వానికి తెలపాల్సిన, జబ్బుగా ప్రకటించి కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని ప్రత్యేకంగా కేటాయించాల్సి వచ్చింది. దానికి వాడే ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్ కోసం జనం ఊళ్ళు తిరిగారు. డాక్టర్ చూసి ఇస్తే తప్ప స్టెరాయిడ్ ముట్టుకోకు, ఇచ్చినప్పుడు "నాకు షుగర్ ఉంది" అని నువ్వే గుర్తు చెయ్యి. ఇంకో కిటుకు ఉంది. పొద్దున స్టెరాయిడ్ ఇస్తే షుగర్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ పెరుగుతుంది, పరగడుపు అంకె బాగానే ఉండొచ్చు. నేను చేరిన చోట పరగడుపునే చూసి 140 ఉంది బాగుందన్నారు, మధ్యాహ్నం చూడమని నేను పట్టుబట్టి అడిగితే 380 వచ్చింది, అప్పుడు ఇన్సులిన్ పెంచారు. నోరు తెరిచి అడుగు, మొహమాటపడకు. తగ్గి ఇంటికొచ్చాక ముఖం ఒకవైపు వాపు, ముక్కులో నల్లటి స్రావం, కంటినొప్పి, రెండుగా కనిపించడం, పళ్ళు కదలడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోవాలి.

కషాయం అందరూ తాగమంటారు. తాగు, అల్లం, మిరియాలతో గొంతుకి హాయిగా ఉంటుంది. అందులో బెల్లం, తేనె వేస్తే మాత్రం అది తీపి పానకమే, బెల్లం షుగర్‌ని పెంచదు అనేది తప్పు. కృష్ణపట్నంలో కరోనాకి ఇచ్చిన నాటు మందు కోసం వేలమంది ఎగబడ్డ రోజులు నీకు గుర్తుండే ఉంటాయి, ఆ గుంపులో నిలబడటమే ఎంత ప్రమాదమో నాకు అప్పుడే అనిపించింది. గుంపులోకి వెళ్ళొద్దంటే వెళ్ళొద్దు. కేసులు పెరుగుతున్నప్పుడు పెళ్ళికి రాలేదని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, మీ తరఫున నేను మాట్లాడతాను. తప్పనిసరైతే మంచి మాస్క్ పెట్టుకుని, ఏసీ హాల్లో కాకుండా గాలాడే చోట కూర్చో. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా సంగతి కూడా శనివారమే అడుగు, షుగర్ ఉన్నవాళ్ళకి డాక్టర్లు వేయించుకోమంటారు.

మందులు ఒక నెలకి సరిపడా ముందే పెట్టుకో, అంతకంటే పోగెయ్యకు, వేరేవాళ్ళకి దొరకదు. వైరస్ ధ్యాసలో పడి కాళ్ళు మర్చిపోకు. లాక్‌డౌన్‌లో కంటి పరీక్ష, కాళ్ళ పరీక్ష వాయిదా వేసి పుండ్లు ముదరబెట్టుకున్నవాళ్ళని నేను చూశాను. పడుకునే ముందు అరికాళ్ళు ఒకసారి చూసుకుంటే అయిపోతుంది.

టెన్షన్ సంగతికొస్తే, భయపడకు అంటే భయం పోదని నాకు తెలుసు. టెన్షన్ వల్ల కూడా షుగర్ పెరుగుతుంది, నిద్ర లేకపోయినా పెరుగుతుంది, కాబట్టి ఇది కూడా వైద్యంలో భాగమే అనుకో. వార్తలు పొద్దున ఒకసారి చూడు చాలు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ హాల్లో పెట్టేసి వచ్చి పడుకో. అయినా గుండె దడదడలాడుతుంటే, పదిహేను రోజులైనా నిద్ర సరిగ్గా పట్టకపోతే డాక్టర్‌కి అదీ చెప్పు, దాచుకోవాల్సిందేం లేదు. అర్ధరాత్రి భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి, నేను మూడింటికే లేస్తాను ఎలాగూ.

శనివారం డాక్టర్ రాసిచ్చిన కాగితాన్ని ఫోటో తీసి నాకూ మీ అమ్మకీ పంపు, అసలుది ఫ్రిజ్ తలుపుకి అంటించు. అమ్మకి కూడా అలాంటిదే ఒకటి రాయించు, ఆమె మందులు వేరు, నీ కాగితం ఆమెకి పనికిరాదు.

మీ పెద్దమ్మ