ఇంజినీరింగ్ చదివి సెమినరీకి వెళ్తానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ ఫైనలియర్. క్యాంపస్ సెలక్షన్స్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు సెమినరీలో చేరి పాస్టర్ అవుతానని, థియాలజీలో (దైవశాస్త్రంలో) డాక్టరేట్ దాకా చదువుతానని పట్టుబట్టింది. మేము సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లమే. అయినా చదివిన చదువంతా వృథా అని వాళ్ల నాన్న తనతో మాట్లాడటం మానేశారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. - ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ వారికి జాన్ పోల్కింగ్‌హార్న్ గురించి చెప్పండి. 1930లో ఇంగ్లండ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో అబ్దుస్ సలాం దగ్గర పరిశోధన చేసి, 1968లో అక్కడే మ్యాథమెటికల్ ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. 1974లో బ్రిటన్ సైన్స్ అకాడమీ అయిన రాయల్ సొసైటీలో ఫెలో. అలాంటి మనిషి 1979లో ఆ పదవికి రాజీనామా ఇచ్చి, అదే ఊళ్లోని వెస్ట్‌కాట్ హౌస్ సెమినరీలో విద్యార్థిగా చేరారు. అప్పటికి యాభైకి దగ్గర పడ్డారు. 1982లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) గురువుగా ఆర్డినేషన్, అంటే గురు అభిషేకం, పొందారు.

ఆ వెంటనే పెద్ద పీఠమేమీ ఎక్కలేదు. మొదట సీనియర్ పాస్టర్ల కింద అసిస్టెంటుగా పనిచేశారు. తర్వాత కెంట్‌లో బ్లీన్ అనే పల్లెకు పాస్టర్‌గా వెళ్లారు. 1986లో మళ్లీ కేంబ్రిడ్జికి వచ్చి, తర్వాత క్వీన్స్ కాలేజీకి ప్రెసిడెంట్ అయ్యారు. సైన్సు, విశ్వాసం గురించి రాసిన పుస్తకాలకు 2002లో టెంపుల్టన్ బహుమతి వచ్చింది.

సైన్సు ఆయనకు చివరిదాకా పనికొచ్చింది. స్టవ్ మీద నీళ్లు ఎందుకు మరుగుతున్నాయి అని అడిగేవారు. గ్యాస్ మండి వేడి తగిలింది కాబట్టి. నాకు టీ తాగాలని ఉంది కాబట్టి. మొదటిది సైన్సు చెప్పే కారణం, రెండోది దాని వెనకున్న ఉద్దేశం. రెండూ నిజమే, ఒకదానికొకటి అడ్డు కాదు అనేవారు. రేపు పొద్దున టీ పెడుతూ ఈ మాట మీ వారితో అనండి.

మీ అమ్మాయి చదువూ అంతే. లాంబ్డా, సిగ్మా, ఒమేగా అని నాలుగేళ్లుగా ఫార్ములాల్లో రాస్తూనే ఉంది కదా. బైబిల్ కొత్త నిబంధన మూలభాష గ్రీకు. సెమినరీలో అది మొదలుపెట్టిన రోజు ఆ అక్షరాలు తనకు పాత చుట్టాలే. 'ఆదియందు వాక్యముండెను' అని మీరు చిన్నప్పటి నుంచి చదువుతున్న మాటలో 'వాక్యము' గ్రీకులో 'లోగోస్'. అది మొదలయ్యేది లాంబ్డాతోనే.

ఇక దారి. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు మరికొందరు కలిసి ఏర్పడ్డదే మన సీఎస్ఐ. అందులో ఆడవాళ్లకు 1976 నుంచి ఆర్డినేషన్ ఇస్తున్నారు. 2013లో నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతానికి) పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ ఆవిడే. కాబట్టి 'ఆడపిల్ల కదా' అన్న మాట పక్కన పెట్టండి.

డిగ్రీ ఉన్నవారికి బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) మామూలుగా నాలుగేళ్లు. ఆపైన ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ), డాక్టరేట్. అన్నీ కలిపితే పదేళ్లు దాటొచ్చు. హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ మంచి సంస్థలు. ఎక్కడ చేరినా ఆ డిగ్రీ సెరాంపూర్ సెనేట్ (థియాలజీ డిగ్రీలిచ్చే సంస్థ) ఇచ్చేదేనా అని చూసుకోండి. నెలల్లో డాక్టరేట్ ఇస్తామనే చోట్లకు మాత్రం దయచేసి పంపకండి, తర్వాత ఏ కాలేజీలోనూ పాఠం చెప్పే వీలుండదు.

డబ్బు సంగతి దాచను. పాస్టర్ జీతాన్ని సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చలేం. ట్రాన్స్‌ఫర్లుంటాయి. అర్ధరాత్రి చావు కబురు వస్తే లేచి వెళ్లాలి. పుస్తకాలంటే ఇష్టమున్న పిల్లలు ఈ భాగం గురించి ఆలోచించరు, నాకున్న భయమల్లా అదే.

అందుకే నా సలహా: వచ్చిన ఉద్యోగంలో రెండేళ్లు చేయనివ్వండి. ఆదివారాలు సండే స్కూల్లో పాఠం చెప్పాలి, పాస్టర్ గారితో ఆసుపత్రులకు, మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లాలి. ఆర్డినేషన్ కావాలంటే డయాసిస్ సిఫారసు ఎలాగూ కావాలి, ఈ రెండేళ్లలో వాళ్లకూ తన పని తెలుస్తుంది. అప్పటికీ ఇదే మాట మీద ఉంటే ఇంకేం ఆలోచించకుండా పంపండి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురూ కలిసి మీ పాస్టర్ గారి ఇంటికి వెళ్లండి. ఆయన వారం ఎలా గడుస్తుందో సోమవారం నుంచి శనివారం దాకా చెప్పమని అడగండి. మీ అమ్మాయినే అడగనివ్వండి, పక్కన వాళ్ల నాన్న కూర్చుని వింటే చాలు.