బర్నింగ్ మ్యాన్: పత్రికల మాట నమ్మాలా, వెళ్లొచ్చినవాళ్ల మాటా?

బర్నింగ్ మ్యాన్ అంటే అమెరికాలో ఎడారి మధ్య ఏటా జరిగే ఉత్సవం. 2023లో అక్కడ వాన పడి జనం బురదలో చిక్కుకున్న వార్తలు చదివి భయమేసిందని, వెళ్లొచ్చినవాళ్ల రాతలు చదివితే వెళ్లాలనిపించిందని, ఇందులో ఏది నిజమో చెప్పమని అడిగారు. రెండూ నిజమేనండీ. కానీ మీకు పనికొచ్చే సంగతి రెండింట్లోనూ తక్కువే. అది ఆ నేల గురించి.

నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారిలో ఇసుక ఉండదు. అది ఎండిపోయిన సరస్సు అడుగు, క్షారగుణమున్న మెత్తటి బంకమట్టి. అందుకే ఆ ఏడాది అంగుళం లోపు వానకే గేట్లు మూసేశారు. తడిసిన మట్టి టైర్లకు పొరలు పొరలుగా చుట్టుకుని బండిని కదలనివ్వదు. 70 వేల మంది చిక్కుకున్నారన్న శీర్షికలు అబద్ధం కాదు. అయితే ఎవరి తిండీ నీళ్లూ వాళ్లే తెచ్చుకోవడం అక్కడి నియమం కాబట్టి చాలా క్యాంపులు కుదురుగానే గడిపాయి. ఎబోలా వచ్చిందన్నది మాత్రం పచ్చి పుకారు. వాన పడితే బండి తీయకండి, నేల ఆరేదాకా ఆగండి.

వెళ్లొచ్చినవాళ్లు శనివారం పెద్ద మనిషి బొమ్మను తగలబెట్టడం గురించీ, ఆదివారం ఆ ఉత్సవం కోసమే చెక్కతో కట్టిన ఆలయాన్ని తగలబెట్టడం గురించీ ఎంతో బాగా రాస్తారు. గిన్నెలు కడిగిన నీళ్లు ఏం చేశారో రాసినవాళ్లు దొరికితే వాళ్లని ఎక్కువ నమ్మండి. ఆ నీళ్లు నేల మీద పారబోయకూడదు. చెత్తకుండీలూ ఉండవు, అంతా మీతోనే తిరిగి రావాలి. ఉల్లిపాయలు ఇంట్లోనే ఒలిచి తీసుకెళ్లండి, పచ్చళ్లు గాజు సీసాల్లో వద్దు. పులిహోర ఆ ఎండకు ఎక్కువసేపు ఆగదు. అటుకులు, పొడులు, మరమరాలు నయం.

నీళ్లు మనిషికి రోజుకు ఒకటిన్నర గ్యాలన్లు, అంటే దాదాపు 6 లీటర్లు. ఒకే పెద్ద డబ్బాలో పోస్తే అది కారినప్పుడు మొత్తం పోతుంది, నాలుగైదు డబ్బాల్లో సర్దండి. అక్కడ ఐసు అమ్ముతారు, కొనుక్కోడానికి భోజనం దొరకదు.

టెంటుతో వచ్చే మామూలు మేకులు ఆ గాలికి ఊడిపోతాయి. అడుగు పొడవుండే లావుపాటి లాగ్ స్క్రూలు (మరలున్న పెద్ద మేకులు) ఇంపాక్ట్ డ్రైవర్‌తో, అంటే స్క్రూలు బిగించే మెషీన్‌తో బిగిస్తే నిలుస్తాయి, తీసేటప్పుడూ సులువు. పైకప్పు వల ఉన్న టెంటు కొనకండి, దుమ్ము పరుపు మీదే పేరుకుంటుంది. ఎన్95 మాస్కు, చుట్టూ మూసుకునే కళ్లద్దాలు ఎప్పుడూ దగ్గరుండాలి. దుమ్ము లేచి ఏమీ కనబడకపోతే సైకిల్ దిగి, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగి ఆగిపోండి.

చెప్పుల్లేకుండా తిరిగితే క్షారం పాదాల చర్మాన్ని పగలగొడుతుంది. రాత్రి నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి కడుక్కుని, తుడుచుకుని, క్రీమ్ రాసి సాక్సులు వేసుకోండి.

చివరి రోజుల్లో బయటపడే వరుసలో గంటల తరబడి ఆగాలి. తాగే నీళ్లూ, తినడానికేదైనా చేతికందేలా ఉంచుకోండి.

మీరూ రాయాలనుకుంటే, ఫొటో తీసేముందు ఎదుటివాళ్లని అడగండి. పత్రిక తరఫున వెళ్తే నిర్వాహకుల దగ్గర ముందే నమోదు చేసుకోవాలి.