జాగిలాల దళానికి దారి కానిస్టేబులు ఉద్యోగం నుంచే

ప్రశ్న: మాది అనంతపురం. పద్నాలుగేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాము. రెండవ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) సైన్సు చదువుతున్న మా అబ్బాయి, మెజెస్టిక్ రైల్వే స్టేషన్‌లో సామాను వాసన చూస్తున్న జాగిలాన్ని చూసినప్పటి నుంచి డాగ్ స్క్వాడ్‌లో చేరతానంటున్నాడు. కుక్కలను కడిగే పనికి ఇంత చదువెందుకని వాళ్ళ నాన్నగారు కోప్పడుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇది గౌరవమైన ఉద్యోగమే. అయితే రాష్ట్ర పోలీసు శాఖలో సాధారణంగా ముందు కానిస్టేబులుగా ఎంపికై, శిక్షణ ముగించుకున్న తరువాతే, ఆసక్తి, ఓర్పు ఉన్నవారిని జాగిలాల దళంలోకి తీసుకుంటారు. అంటే కుక్కల మీది ప్రేమ ఎంత ఉన్నా, పోలీసు ఉద్యోగంలోని రాత్రి విధులు, పండుగపూట బందోబస్తు అతనికి ఇష్టమో కాదో ముందుగా తేల్చుకోవాలి.

నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. జాగిలానికి స్నానం, తిండి, వ్యాయామం అన్నీ దాన్ని నడిపించే పోలీసు, అంటే హ్యాండ్లరే చూసుకోవాలి. కానీ అసలు విద్య దాని ప్రవర్తనను చదవగలగడం. నేరస్థుల జాడ పట్టేవి, పేలుడు పదార్థాలను గుర్తించేవి, మాదకద్రవ్యాలను పసిగట్టేవి అని జాగిలాలకు వేరువేరుగా శిక్షణ ఇస్తారు. పేలుడు పదార్థం దొరికినచోట జాగిలం గోళ్ళతో గీరకుండా నిశ్శబ్దంగా కూర్చోవాలి, ఎందుకంటే అక్కడ చిన్న కదలిక కూడా ప్రాణాంతకం కావచ్చు. జాడ పట్టే జాగిలం రోడ్డు మీద ఒకచోట ఆగిపోయినప్పుడు అది వాసన కోల్పోయిందా, లేక దొంగ అక్కడ వాహనం ఎక్కాడా అన్నది హ్యాండ్లరే అంచనా వేయాలి. ఆ అంచనాను బట్టే ఏ వీధి కెమెరాలు చూడాలో దర్యాప్తు అధికారులకు తెలుస్తుంది. 2020లో దావణగెరె పోలీసుల తుంగ అనే డాబర్‌మన్ దాదాపు 12 కిలోమీటర్లు పరుగెత్తి హత్యకేసు నిందితుణ్ణి పట్టించింది. అన్ని కేసుల్లోనూ అలా జరగదు. పోలీసులు వచ్చేలోపు చూడవచ్చినవారు ఆ చోటును తొక్కేస్తే ఎంత మంచి జాగిలమైనా తడబడుతుంది. పైగా జాగిలాన్ని కోర్టులో ప్రశ్నించలేరు కనుక అది చూపిన జాడకు సాక్ష్యంగా పెద్ద బలం లేదని సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. హ్యాండ్లర్ తన జాగిలం చేసినదానికి ఒక్క మాట కూడా కలపకుండా చెప్పగలవాడై ఉండాలని నేను అందుకే అంటాను.

ఇక దారుల సంగతి. బెంగళూరు నగర పోలీసుల జాగిలాల దళం ఆడుగోడిలో ఉంది. అక్కడికి చేరాలంటే కర్ణాటక కానిస్టేబులు పరీక్ష రాయాలి. మీ అబ్బాయి కన్నడం చక్కగా చదివి రాయగలగాలి. ఆంధ్రలో ప్రయత్నిద్దామనుకుంటే, స్థానికతను ప్రధానంగా చదివిన చోటును బట్టి చూస్తారు కాబట్టి, అనంతపురంలో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు ఆలస్యంగా తెలుస్తోంది.

కేంద్ర బలగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జరిపే జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబులు పరీక్షకు పదో తరగతి చాలు. వయసు 18 నుంచి 23 ఏళ్ళు, పురుషులకు ఎత్తు 170 సెంటీమీటర్లు, 24 నిమిషాల్లో 5 కిలోమీటర్ల పరుగు. రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపులుంటాయి. 2024 నుంచి ఈ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. సీఆర్‌పీఎఫ్ జాగిలాల పెంపక, శిక్షణ కేంద్రం బెంగళూరు దగ్గరి తరళులోనే ఉంది. అయినా ఉద్యోగం దేశంలో ఎక్కడైనా చేయడానికి సిద్ధపడాలి.

మీ అబ్బాయి జీవశాస్త్రం చదువుతుంటే నా సలహా వేరు. ముందు కర్ణాటక ఉమ్మడి ప్రవేశపరీక్ష సీఈటీ ద్వారా పశువైద్య డిగ్రీకి గట్టిగా ప్రయత్నించమనండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అది ఐదున్నరేళ్ళ చదువు. జాగిలాల దళాలకు పశువైద్యుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. సీటు రాకపోతే డిగ్రీ చదువుతూనే కానిస్టేబులు పరీక్షలు రాయవచ్చు.

దరఖాస్తులకు ముందు మరొకటి చేయించండి. వీధిలో ఎవరైనా పెంపుడు కుక్కను నెలరోజులు అప్పగిస్తే, వానైనా పరీక్షలైనా తెల్లవారుజామున ఐదింటికి లేచి దాన్ని నడిపించి, శుభ్రం చేసి, తిండి పెట్టి, ఆనాటి దాని తీరును ఒక పుస్తకంలో రాయమనండి. నెల తరువాత ఆ పుస్తకాన్ని వాళ్ళ నాన్నగారి చేత చదివించండి.