కంపెనీ డైరెక్టరు పదవికి రాజీనామా చేసినా నోటీసులు నా పేరుకే వస్తున్నాయి: సమాధానం

కంపెనీ డీఐఆర్-12 (డైరెక్టర్ల మార్పును తెలిపే ఫారం) దాఖలు చేసి ఉండదు. అందుకే ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) రికార్డులో మీరింకా డైరెక్టరే.

1. చాలామంది వదిలేసేది రాజీనామా అందినట్టు రుజువు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 168 ప్రకారం లేఖ కంపెనీకి అందిన రోజు, లేఖలో రాసిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతిదైతే అప్పటి నుంచే అది చెల్లుతుంది. ఎండీకి ఫోనులో చెప్పానంటే కుదరదు. స్పీడ్ పోస్టు రసీదో, ఈమెయిలుకు వచ్చిన జవాబో వెతకండి.
2. దాన్ని జతచేసి డీఐఆర్-11 (రాజీనామాను డైరెక్టరే స్వయంగా తెలిపే ఫారం) మీరే దాఖలు చేయండి. రాజీనామా చేసి 30 రోజులు దాటితే అదనపు రుసుము పడుతుంది. (ఫారంపై పెట్టే డిజిటల్ సంతకం గడువు ముందే చూసుకోండి.)
3. అయినా పేరు తొలగకపోతే కంపెనీల రిజిస్ట్రారుకు ఫిర్యాదు చేయండి.

పదవిలో ఉన్నప్పుడు జరిగిన ఉల్లంఘనలకు మాత్రం రాజీనామా తర్వాతా మీదే బాధ్యత. నోటీసు ఏ కాలానికి సంబంధించిందో చూసి, గడువులోగా జవాబివ్వండి.